మూతి ముడిచిన పగడాలు

అనకాపల్లిలో ఒక హోటలు ముందు హాల్లో ఉప్పునీటి అక్వేరియం ఉంది. దాన్ని చూసుకునే బీయస్సీ అల్లుడూ, చేపల వేట మానేసి అతనికి సముద్రపు నీళ్ళ డబ్బాలు తెచ్చిపెట్టే మామా దాని ముందు నిలబడ్డారు.

“ఈ మెత్త పగడాలు పువ్వుల్లా విచ్చుకోవాలి మామా. నాలుగు రోజులై మూతి ముడుచుకున్నాయి. సోమారం ఓనరొత్తాడు. అప్పటికీ ఇలాగే ఉంటే నా ఉద్యోగం ఊడిపోద్ది.”

“ఆ డ్రాపర్‌తో ఏటి సేత్తన్నావు?”

“మేత ఎడతన్నాను. ఒక్కోదాని నోటి దగ్గరా.”

“మీ అత్త నాకెప్పుడూ ఇలాగ ఎట్టలేదురా. ఉండు, నీళ్ళు రుచి సూత్తాను... థూ! ఇది సముద్రమేటి, ఆవకాయ ఊట! నీళ్ళు తగ్గినప్పుడు ఏటి పోత్తన్నావు?”

“నువ్వు తెచ్చిన సముద్రం నీళ్ళే.”

“ఆవిరైపోయేది నీళ్ళేరా బాబూ, ఉప్పు అందులోనే ఉండిపోద్ది. బీయస్సీలో ఇది సెప్పలేదేటి?”

“సెప్పేరు మామా.”

“మరింకేటి! మేత ఆపి, రోజూ కొంచెం ఫిల్టరు నీళ్ళు పొయ్యి.”

“అయినా విచ్చుకోకపోతే?”

“విచ్చుకుంటే నీ డిగ్రీ అని సెప్పు. విచ్చుకోకపోతే తాగొచ్చిన మామ అందులో ఏదో కలిపేసేడని సెప్పు.”