టిన్ లాంతర్‌ని నిలబెట్టిన పద్దెనిమిది మగ్గులు

"రాసుకో నళినీ, పెన్ను ఆపకు. ఈ కార్వర్‌టన్ సిటీలో టిన్ లాంతర్ పబ్‌ని నిలబెట్టింది ఎవరంటే, ఈ దామోదరే! మధ్యాహ్నం సిటీ హాల్లో జరిగే హియరింగ్‌లో ప్రమాణం చేసి మరీ చెప్తాను. 'తాగుబోతుల కొంప, లైసెన్సు తీసెయ్యండి' అని పిటిషన్ పెట్టినవాళ్లు మళ్లీ నోరెత్తరు."

"అబద్ధమని తేలితే మాత్రం పబ్ మూతే అంకుల్. శనివారాలు మన తెలుగువాళ్లని కూర్చోనిచ్చే వెనక గది కూడా పోతుంది," అంది నళిని. లా చదువుతోంది, పబ్ తరఫున మాట్లాడేది తనే.

"అబద్ధమా? నేనా? లూసీని అడుగు, మన తెలుగావిడే, ఆరేళ్లుగా కౌంటర్‌లో నా మగ్గు నింపేది ఆవిడే. ఆరేళ్ల కిందటి మాట, డెబ్భై ఎనిమిది ఫిబ్రవరి. మోకాళ్ల లోతు మంచు..."

"మొన్న చీలమండ దాకానే అన్నావుగా అన్నా?" అంది లూసీ.

"కురుస్తూనే ఉందమ్మా, పెరగదూ? బస్సుల్లేవు, రెండు మైళ్లు నడిచొచ్చాను. లోపల ఎవడున్నాడో తెలుసా? ఈ పబ్‌ని కూల్చడానికొచ్చిన బుల్‌డోజర్ డ్రైవర్! ఎంత మనిషంటే, తలుపులో పక్కకి తిరిగి దూరాడట. తొంభై ఏళ్ల కిందట తాత కట్టిన పబ్ కదా, ఓనర్ వాల్టర్ ఓ మూల కళ్లు తుడుచుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. 'ఒరేయ్, నాతో తాగు. ముందు నువ్వు పడితే నీ మెషీన్ వెనక్కి తిప్పు' అన్నాను. వాడు మామూలు బీర్ చెప్పాడు. నేను బోర్డంతా వెతికి రూట్ బీర్ చెప్పాను. వేరుతో కాచిన సరుకు! ఘాటంతా వేరులోనే కదా ఉండేది."

నళిని పెన్ను ఆగింది. "ఏ బీర్ అంకుల్?"

"రూట్! స్పెల్లింగ్ చెప్పనా? వాడు పదకొండో మగ్గుకే పడిపోయాడు. నేను పద్దెనిమిది లాగించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పీపా ఎత్తి పట్టాను. సెల్లార్‌లో వాల్టర్ తాత దాచిన పీపాలూ ఖాళీ! బయటికొచ్చి ఒక్క ఊపిరి వదిలాను, ఆ ఘాటుకి వీధిలో మంచంతా కరిగి నదిలో పడింది, నది పొంగి బుల్‌డోజర్ పక్క స్టేట్‌కి కొట్టుకుపోయింది. మత్తులో అలా గోడకి ఆనుకున్నానా, తూర్పుకి ఒరిగిన బిల్డింగ్ కాస్తా నిటారుగా నిలబడింది! మేయర్ స్వయంగా టేపు పట్టి కొలిచాడు."

"అంకుల్, రూట్ బీర్‌లో మత్తే ఉండదు. అది తీపి సోడా. మా అక్క కూతురి ఐదో పుట్టినరోజుకి పిల్లలందరికీ పోసింది అదే."

దామోదర్ లూసీ వైపు చూశాడు.

"చెబుదామనే అనుకున్నానన్నా," అంది లూసీ తల దించుకుని. "మూడో మగ్గుకే తూలిపోతూ పద్యాలు పాడుతుంటే మనసొప్పలేదు."

"మరి ఆరేళ్లు... మీ వదినకి వాసన తెలియకూడదని సోంపు నములుతూ ఇంటికెళ్లానే!"

నళిని రాసిందంతా కొట్టేసి కాగితం ఆయన ముందుకి తోసింది. "ఒక్క వాక్యమే ఉంచాను. 'ఆరేళ్లుగా ప్రతి శనివారం ఈ పబ్‌కి వస్తున్నాను, ఒక్క చుక్క మందు తాగలేదు.' వాళ్ల లాయర్ దీన్ని కదిలించలేడు. సంతకం పెట్టండి."

"మైకులో చదవాలా తల్లీ?"

"మైకులోనే. ఆంటీ ముందు వరసలో ఉంటారు."

దామోదర్ సంతకం పెట్టాడు.

"లూసీ, ఓ మగ్గు పొయ్యమ్మా. అదేలే. హియరింగ్ అయ్యేదాకా నిజం మీదే ఉంటాను."