వేడి తెలుస్తోందా మామ్మా

ఆసుపత్రిలో పిండికట్లు కట్టే గది. లోపల మణికట్టు విరిగిన ముసలావిడ, కట్టు కట్టేవాడు. తలుపు బయట చంటిపిల్లతో ఆవిడ మనవరాలు.

"ఈ పిండిపట్టీని చన్నీళ్ళలోనే తడుపుతాను మామ్మా. వేడినీళ్ళయితే కట్టు త్వరగా బిగుస్తుంది గానీ, చెయ్యి కాలుతుంది."

"పిండి కాలుస్తుందా నాయనా?"

"నీళ్ళు తగిలితే ఈ పిండి రాయవుతుంది. అవుతూ అవుతూ లోపలి వేడంతా బయటికి వదులుతుంది. కదలకు."

"సున్నంలో నీళ్ళు పోస్తే కుతకుతలాడినట్టన్నమాట. మా అత్త ఆ కుండ దగ్గరికి ఎవర్నీ రానిచ్చేది కాదు. ఆవిడ నోరూ అంతే, దానికి నీళ్ళు కూడా అక్కర్లేదు."

"సరే సరే. వేడెక్కిందా?"

"ఎక్కుతుంది కదా."

"ఎక్కుతుందని నేనే చెప్పాను. ఎక్కిందా?"

"మామూలుగానే ఉంది. పొద్దుట్నుంచి నిలబడే ఉన్నావా? కాళ్ళు లాగుతుంటాయి పాపం."

"నా కాళ్ళ సంగతి వదిలెయ్. పైనుంచి పట్టుకున్న నాకే చురుక్కుమంటోంది. ఈపాటికి అందరూ అబ్బా అంటారు. కళ్ళు మూసుకో. ఇప్పుడు ఏ వేలు పట్టుకున్నాను?"

"చిటికెన వేలు."

"ఏదీ పట్టుకోలేదు మామ్మా."

"పట్టుబడ్డానన్నమాట."

"ఎప్పట్నుంచి?"

"ఎముక నొప్పి తెలుస్తోంది నాయనా. పైన తోలే నిద్రపోయింది. షుగరొచ్చాక, మెల్లమెల్లగా. రెండు చేతులూ."

"ముందే చెప్పొద్దూ? ఉండు, ఇది కోసి తీసేసి పలచగా మళ్ళీ వేస్తాను. డాక్టరుగారికీ చెప్పాలి."

"ఆయనకి చెప్పుకో. బయటున్న నా మనవరాలికి మాత్రం వద్దు."

"ఏం?"

"పసిదానికి నీళ్ళు పోసేది నేనే. మా ఇంట్లో ఏ పిల్లకైనా నేను చెయ్యి పెట్టి చూశాకే స్నానం. నా కూతురికీ, ఈ మనవరాలికీ, ఇప్పుడు దీని కూతురికీ. తెలిస్తే ఇంక పిల్లని నా చేతికిస్తుందా?"

"ఈ చెయ్యి పెట్టేనా చూసేది?"

"ఇన్నాళ్ళూ ఏం కాలేదుగా. ఆవిరి చూసి పోల్చుకుంటాను."

"ఏం కాలేదంటే, మీ అదృష్టం."

"అమ్మమ్మా, ఇంకా అవలేదా? పిల్ల ఏడుస్తోంది. ఇంటికెళ్ళి స్నానం చేయించాలి."

"వస్తున్నానే. కట్టుంటే ఏం, నీళ్ళు ఎడం చేత్తో చూస్తాలే."

"చూద్దువుగానిలే. నువ్వు తువ్వాలు కోసం అటు తిరిగినప్పుడు నేను చెంబుడు చన్నీళ్ళు పోస్తాగా, రోజూ పోసినట్టే."