ఒక్క అక్షరం పోని లైను

"మొదట్లో మా ఆఫీసు ఫోన్లు ఎలా ఉండేవనుకున్నారు? బిందెలో తలపెట్టి మాట్లాడినట్టు!" అని అందుకున్నాడు గంట బాబాయ్.

ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లలో మాట తెగిపోకుండా చూసే ఉద్యోగం ఆయనది. తన లైను గంట కొట్టినట్టుంటుందని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకోబట్టి ఆ పేరొచ్చింది. మధ్యాహ్నం ఆఫీసు ఎదుట టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే ఆయన నోటికి తాళం ఉండదు. ఆ రోజు పక్కన ఆయన బావ, అక్కయ్య భర్త, కూడా ఉన్నాడు. అక్కయ్య పోయి, దినాలయ్యాక ఇద్దరూ కలవడం అదే మొదలు. ఏదో పనిమీద ఇటు వచ్చి, పలకరించి పోదామని ఆగాడు.

"ఒకే దారిలో సినిమాలూ, ఫొటోలూ, మాటలూ అన్నీ తోసుకుంటూ వస్తుంటే మాట నలిగిపోదూ? అంబులెన్సుకి దారిచ్చినట్టు ముందు మాటకి దారిమ్మన్నాను. సినిమా కాసేపు ఆగితే ఏమీ కాదు, మాట ఆగితే కొంపలంటుకుంటాయి. ఒకడు 'నిన్ను తప్ప ఎవర్నీ చేసుకోను' అంటే, అవతల పిల్లకి 'ఎవర్నీ చేసుకోను' అని మాత్రం చేరిందట! నేను లైను సరిచేసి మళ్లీ మాట్లాడించబట్టి ఇద్దరూ ఒకటయ్యారు."

"అయితే పెళ్లిపెద్ద మీరేనన్నమాట," అంది టీకొట్టు పిన్ని.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? లైను ఎంత తేటపడిందంటే, అవతలివాడు తుమ్మితే ఇవతలివాడు చెంప తుడుచుకునేవాడు. ఒకావిడ వేడి పాలు ఊదుకుంటూ ఫోన్లో మాట్లాడితే, ఇక్కడ మా మేనేజరు బల్ల మీద కాగితాలన్నీ ఎగిరిపోయాయి!"

"ఏరడానికి మిమ్మల్నే పంపుంటారు," అన్నాడు టీ తాగుతున్న ఆఫీసు వ్యాను డ్రైవరు.

"నవ్వకు, ఇంకా విను. వేగం ఇంకాస్త పెంచేసరికి అడక్కముందే జవాబు రావడం మొదలైంది. ఒకాయన భార్యకి ఫోన్ చేసి నోరు తెరిచాడో లేదో, 'కుదరదు' అని వినబడిందట!"

"మా ఇంట్లో ఫోన్ లేకుండానే వినబడుతుంది బాబాయ్!" అన్నాడు డ్రైవరు.

అందరూ నవ్వారు. బావ కూడా కొంచెం నవ్వాడు. అది చూసి బాబాయికి ఊపొచ్చింది.

"నా లైన్లో ఒక్క అక్షరం పోలేదయ్యా! కావాలంటే మా బావనడగండి, సాక్షి పక్కనే ఉన్నాడు. ఆపరేషన్‌కి ముందు అక్కయ్య ఆస్పత్రి నుంచి నాకు చేసింది. అంతకుముందే నా కోతలు భరించలేక నాలుగు చివాట్లు పెట్టిందిలే, మాటల్లేవు. 'ఒరేయ్, రా... కు' అంది. కోపంతో మధ్యలో కాస్త బిగబట్టింది గానీ, గంట కొట్టినట్టు వినబడింది. రావద్దంటే ఇంక ఏ మొహం పెట్టుకుని వెళ్తాను? వెళ్లలేదు. ఆ బాధ వేరు. లైను మాత్రం... నువ్వే చెప్పు బావా!"

బావ గ్లాసు కింద పెట్టాడు.

"రాకు అనలేదు."

"మరి?"

"మీ అక్క చేతికి సూదులుంటే ఫోన్ నేనే పట్టుకున్నాను. 'ఒరేయ్, రాకుండా ఉండకు' అంది."

బావ బాబాయివైపు తిరిగాడు.

"మంచం పక్క కుర్చీలో నన్ను కూడా కూర్చోనివ్వలేదు. వాడొస్తాడు, ఖాళీగా ఉంచండి అంది. లోపలికి తీసుకెళ్తుంటే కూడా తలుపువైపే చూసింది. నీకింకా కోపం తగ్గలేదనుకున్నాం."

"చెప్పులు కూడా వేసుకున్నాను బావా," అన్నాడు బాబాయ్. "ఫోన్ వచ్చాక విప్పేశాను."

"ఏమన్నావని ఒక్కసారి మళ్లీ అడక్కపోయావా?"

బాబాయ్ రోడ్డుకేసి చూశాడు.

"నా లైన్లో... మళ్లీ అడగడమేంటి అనుకున్నాను."

టీకొట్టు పిన్ని పొయ్యి మంట తగ్గించింది. వ్యాను డ్రైవరు లేవబోయి, లేవలేక అలాగే కూర్చున్నాడు.

"ఇంకోసారి చెప్పు బావా," అన్నాడు బాబాయ్. "అక్కయ్య ఎలా అందో అలాగే."

బావ కాస్త దగ్గరికి జరిగాడు. రోడ్డు మీద లారీ వెళ్లిపోయేదాకా ఆగి, నెమ్మదిగా చెప్పాడు.