టైలరు గారి పరాగ్వే చిల్లర

"బావమరిదీ, నీ టీ కొట్లో ఆ పై అర నాకిచ్చెయ్. ఒక్క డబ్బా పెట్టుకుంటాను. దాన్నిండా దక్షిణ అమెరికా చిల్లర నాణేలు. మంచం కింద ఆ డబ్బా నువ్వు ఖాళీ చేస్తావా, నన్ను చెయ్యమంటావా అని మీ అక్క వారం కిందటే తేల్చి చెప్పేసింది. ఆవిడకేం తెలుసు దాని విలువ! కూర్చోండి కాంపౌండరు గారూ, మీరూ వినండి.

ముందు ఒక్కటే వచ్చింది. ఓ ఓడ కళాసీ ప్యాంటు పొట్టి చెయ్యమని ఇస్తే జేబులో పరాగ్వే నాణెం కనబడింది. జేబులో దొరికింది తిరిగిచ్చే టైలరుని నేనొక్కణ్ణే కదా, ఇచ్చేశా. వాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని ఉంచుకోమన్నాడు. అంతే, పిచ్చి పట్టుకుంది. వచ్చిన ప్రతి కళాసీ ప్యాంటూ నేనే కుట్టా. పెరూ వచ్చింది, చిలీ వచ్చింది, బొలీవియా వచ్చింది, ఏది ఎక్కడిదో నాకే తికమక. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది బావా?"

"పరాగ్వేలో చిల్లర అయిపోయింది! అంతా నా దగ్గరే ఉందిగా. కండక్టరు టికెట్టు కొట్టి మిగతాది ఇవ్వలేడు, ఇచ్చేదాకా జనం దిగరు, బస్సు కదలదు. దేశం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. చివరికి చిల్లర కోసం వాళ్ళ యుద్ధనౌకలు ఇటు బయల్దేరాయి."

కాంపౌండరు గ్లాసు కింద పెట్టాడు. "పరాగ్వేకి సముద్రం లేదనుకుంటాను మాస్టారూ."

"అందుకే కదండీ అంత ఆలస్యంగా వచ్చాయి!"

"వచ్చింది పరాగ్వే వాళ్ళా, ఉరుగ్వే వాళ్ళా?" బావమరిది బుర్ర తిరిగిపోతోంది, పాలు పొంగుతున్న సంగతే చూసుకోలేదు.

"ఎవరెవరో వాళ్ళకే తెలీదు. తలా గుప్పెడు పోసి పంపేశా. ఇంతలో బ్రెజిల్ నుంచి కబురు. ధరలు పెరిగి డబ్బు మీద సున్నాలు ఎక్కువైపోయాయిట, మూడేసి కత్తిరించాలి, చేతిలో పనితనం ఉన్నవాడు కావాలి అని. నా కత్తెర సంగతి తెలుసుగా! విమానం దిగీ దిగకముందే దేశంలో డబ్బంతా నేల మీద పరిపించి, ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క కోత. సున్నాలు బుట్టలకొద్దీ రాలాయి."

"అన్ని సున్నాలూ ఏం చేశావు బావా?"

"పారేస్తానా? రంధ్రాలు పెట్టి చొక్కాలకి బొత్తాలు కుట్టా. నువ్వు వేసుకున్నవి అవే!"

బావమరిది బిత్తరపోయి బొత్తాలు తడుముకున్నాడు. నమ్మాలో వద్దో పాలుపోక, ఎందుకైనా మంచిదని గుడ్డ తీసుకుని పై అర తుడవడం మొదలెట్టాడు.

కాంపౌండరు జేబులోంచి ఒక నాణెం తీసి బల్ల మీద పెట్టాడు.

"మా ఆస్పత్రి కర్టెన్లు ఫ్యాను గాలికి ఎగిరిపోతున్నాయంటే మొన్న మీ ఆవిడే కింద అంచుల్లో బరువులు పెట్టి కుట్టిచ్చారు మాస్టారూ. ఒకచోట కుట్టు ఊడి ఇది పడింది. ఇంకా అర ఎందుకండీ? మీ డబ్బా ఎప్పుడో ఖాళీ అయిపోయుంటుంది."

టైలరు నాణేన్ని తిప్పి తిప్పి చూశాడు, చొక్కాకి తుడిచాడు.

"ఇది ఉరుగ్వేది," అన్నాడు చివరికి. "అక్కడ ఎవణ్ణడిగినా గుప్పెడు ఇస్తాడు. దీనికోసం నేను ఎన్ని ప్యాంట్లు ఊరికే కుట్టిచ్చానో."

కాంపౌండరుకి జాలేసింది. "పోనీ, అంచులు విప్పించి పంపమంటారా?"

"వద్దు, మా ఆవిడ కుట్టు విప్పిస్తే ఇంట్లో నాకు అన్నం పుట్టదు. రోజూ సాయంత్రం నేనే వచ్చి ఆ కర్టెన్ల పక్కన కాసేపు కూర్చుంటాను. ఏ జబ్బని రాసుకుంటారో మీ ఇష్టం."