పడమర గోడ దగ్గరి కుర్చీ

బౌద్ధ శకం 2530, ఏప్రిల్ పదిహేడవ తేదీన, కొత్త ఏడాది సొంగ్క్రాన్ పండుగకు చల్లుకున్న నీళ్ళు వీధుల్లో ఇంకా ఆరకముందే, తడిసిన చెప్పులతో, ఇస్త్రీ చెదరని తెల్లని దుస్తులతో మన వియాంగ్ తాన్ జిల్లా ఆసుపత్రి మెట్లెక్కి నర్సుగా బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి బుసబా ఇన్తవోంగ్ గారు, ఈ సెప్టెంబరు ముప్పయ్యవ తేదీన మహిళా వార్డు హెడ్ నర్సుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఇన్నేళ్ళుగా ఆమె నీడలో పనిచేసి, ఆమె చేత చీవాట్లూ, ఆమె ఇంటి నుంచి వచ్చిన జిగురన్నమూ సమానంగా తిన్న సహోద్యోగులందరి పక్షాన ఈ నాలుగు మాటలు సమర్పించుకునే భాగ్యం కలిగినందుకు ధన్యులం.

ఆనాటి ఆసుపత్రి ఒక పాత కొయ్య కట్టడం. వాన వస్తే మంచాల మధ్య బకెట్లు పెట్టేవారు. రోగుల బంధువులు వసారాలోనే చాపలు పరిచి, మిరపకాయలు కాల్చి పచ్చడి దంచుకునేవారు. ఆ ఘాటుకు వార్డంతా దగ్గేది. ఆ గందరగోళంలోనే బుసబా గారు పసిపిల్లల విభాగంలోనూ, ప్రసూతి విభాగంలోనూ అనుభవం గడించి, చియాంగ్ మాయిలో ఉన్నత శిక్షణ పొంది, 2540లో మహిళా వార్డు హెడ్ నర్సుగా నియమితులయ్యారు. ఆమె కార్యదక్షత ఎంతటిదో కంఠధ్వని కూడా అంతటిదే. వార్డులో ఆమె ఒకరిని మందలిస్తే క్యాంటీనులో ఇంకొకరు గిన్నె కింద పెట్టేవారు.

2546లో కొత్త భవనం వచ్చింది. తెల్లని పలకల నేల, పొడవాటి హాలు, తూర్పున కొండలు కనిపించే పెద్ద కిటికీలు, పడమర గోడ పొడవునా ఆక్సిజన్ గొట్టాలు, వాటి కింద వరుసగా మంచాలు. సన్యాసులు వచ్చి మంత్రజలం చల్లారు, ఊరంతా వచ్చి చూసి మురిసింది. కానీ వారం తిరగకుండానే రోగులు ఒక వింత పని మొదలుపెట్టారు. నర్సు అటు తిరగగానే దిండు తీసుకుని మంచానికి రెండో కొసన తల పెట్టుకునేవారు. ఆక్సిజన్ గొట్టాలు లాగుకుపోయేవి, సెలైన్ సూదులు ఊడివచ్చేవి. కిటికీ వెలుగు కళ్ళలో పడుతోందని అలా తిరిగారేమోనని తెరలు వేయించి చూశారు, లాభం లేకపోయింది. నర్సులు పొద్దస్తమానం మనుషుల్ని తిప్పి పడుకోబెట్టడంతోనే సరిపోయి, విసిగి వేసారి, ఒకరి మీద ఒకరు చిరాకుపడేవారు. ఇద్దరు బదిలీకి దరఖాస్తు కూడా పెట్టుకున్నారు. ఎందుకలా పడుకుంటున్నారని అడిగితే రోగులు చిరునవ్వు నవ్వి "మన్నించమ్మా" అనేవారే గాని, కారణం మాత్రం ఒక్కరూ నోరు విప్పి చెప్పలేదు.

ఆ రోజుల్లోనే, ఊపిరితిత్తుల జబ్బుతో చేరిన బువాలై అనే నేతపని పెద్దావిడ, చికిత్స సగంలో ఉండగా చెప్పాపెట్టకుండా ఇంటికి వెళ్ళిపోయి, అక్కడే కన్నుమూసింది. ఆవిడ నేసిన బట్టే కట్టుకుని బుసబా గారు అంత్యక్రియలకు వెళ్ళారు. అక్కడ దేహాన్ని పడమరకు తల పెట్టి పడుకోబెట్టి ఉండటం చూశారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నదే, ఏ ఇంట్లోనైనా శవం తల పడమరకే. కానీ ఆ మధ్యాహ్నమే ఆమెకు వార్డులోని మంచాలు గుర్తొచ్చాయి. కొత్త భవనం మోజులో, తళతళలాడే గొట్టాల మధ్య, ఏ గోడ ఏ దిక్కో చూసినవారే లేరు. రోగులకు మాత్రం మొదటిరోజే తెలుసు. ఆసుపత్రిలో చావు మాట ఎత్తడం అశుభమనీ, చదువుకున్న నర్సమ్మల ముఖం మీద తప్పు చెప్పడం మర్యాద కాదనీ వారు నోరు మూసుకున్నారు.

మర్నాడు ఉదయం ఆమె డ్యూటీకి వచ్చేసరికి ఖంపాన్ అవ్వ మంచం మీద సంచి సర్దుకుని కూర్చుని ఉంది. బువాలైది ఏ జబ్బో ఈ అవ్వదీ అదే. పెదవులు నీలం తిరిగాయి. ఆక్సిజన్ లేకుండా పంపితే ఏమవుతుందో బుసబా గారికి ఒకరు చెప్పనక్కరలేదు.

"ఎక్కడికి అవ్వా?"

"ఇంటికే అమ్మాయ్. కోళ్ళకి మేత వేసేవాళ్ళు లేరు."

"కోళ్ళ సంగతి తర్వాత. పడమర తలకి భయపడుతున్నావు, అవునా?"

అవ్వ సంచి పక్కకు జరిపింది. తర్వాత మెల్లగా అంది: "నీకిప్పుడు తెలిసిందా? ఇల్లు కట్టేవాళ్ళు నిలబడి కడతారమ్మా. పడుకునేవాళ్ళ సంగతి పడుకున్నవాళ్ళకే తెలుసు. నేను పోవడానికి భయపడట్లేదు. ఊపిరుండగానే శవంలాగా పడుకోబెడుతున్నారే, అదే నా బాధ."

"సాయంత్రం దాకా ఉండు. అప్పటికీ నీ తల తూర్పుకి రాకపోతే నేనే నిన్ను ఇంట్లో దింపి, నీ కోళ్ళకి మేత వేసి వస్తా."

ఆ మాట ఇచ్చి ఆమె తిన్నగా పెద్ద డాక్టరు సొంఫోప్ గారి గదికి వెళ్ళారు. అదృష్టవశాత్తు భవనం లెక్కలు చూడటానికి బాంకాక్ నుంచి ఇంజినీరు తీరవత్ గారు కూడా వచ్చి ఉన్నారు. విషయం వినగానే తీరవత్ గారు ఒంటికాలి మీద లేచారు.

"గొట్టాలు మార్చాలంటే గోడ బద్దలు కొట్టాలి మేడమ్. గాలికి తూర్పేమిటి, పడమరేమిటి? ఇవన్నీ ముసలివాళ్ళ చాదస్తాలు."

"నేనూ నిన్నటిదాకా అంతే అనుకున్నా నాయనా. ఒక్కసారి వచ్చి ఆ మంచం మీద పడుకుని చూడండి, చాలు."

డాక్టరు గారు నవ్వుతూ వెంట నడిచారు. రోగులందరూ చూస్తుండగా ఇంజినీరు గారు బూట్లు విప్పి, ఖాళీ మంచం మీదికెక్కి, ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, తెలియకుండానే దిండు లాక్కుని రెండో కొసన తల పెట్టుకుని పడుకున్నారు.

ఖంపాన్ అవ్వే మొదట అంది: "ఏం బాబూ, మీ బాంకాక్‌లో కూడా కోళ్ళున్నాయా?"

మంచాలు కదిలిపోయేంతగా నవ్వారు జనం. తీరవత్ గారు కూడా నవ్వేశారు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. డాక్టరు గారు చేతులెత్తేసి, "ఇక నేను సంతకం పెట్టడమే మిగిలింది, బుసబా" అన్నారు.

సంతకం రావడానికి ఎన్ని నెలలు పడుతుందో తెలిసిన మనిషి గనుక బుసబా గారు ఆగలేదు. పాత కొయ్య కట్టడం కొట్టులో పడివున్న చక్రాల ఆక్సిజన్ సిలిండర్లు తెప్పించి, పరీక్షింపజేసి, నర్సులూ, వంటవాళ్ళూ, రోగుల అల్లుళ్ళూ తలో చెయ్యి వేయగా, మంచాలన్నీ తూర్పు కిటికీల కిందికి జరిపించారు. ఖంపాన్ అవ్వ సంచి విప్పేసింది. చికిత్స పూర్తయ్యాక ఎవరి చేయీ పట్టుకోకుండా మెట్లు దిగి వెళ్ళింది. ఆ తరువాత పదకొండేళ్ళు బ్రతికింది. ప్రతి కోతలకూ వార్డుకు కొత్తబియ్యం తెచ్చి ఇచ్చేది, కోడిపుంజుల మీద ఫిర్యాదులూ తెచ్చేది.

మంచాలు జరిగాక పడమర గోడ ఖాళీ అయింది. హాలు చివర మూలన, ఎవరికీ కనిపించని చోట ఉండే నర్సుల బల్లను బుసబా గారు అక్కడికి మార్పించారు. "పడమర ఎవరో ఒకరు కూర్చోవాలిగా, మనమే కూర్చుందాం" అన్నారు. హాస్యానికే అన్నా, దాని ఫలితం మా అందరికీ అనుభవమే. పడుకున్నవారికి కళ్ళు తెరిస్తే నర్సు ముఖం కనిపించేది, మాకు వారి ముఖాలన్నీ ఒక్క చూపులో అందేవి. ఊరికే గంట కొట్టి పిలవడం తగ్గింది, మా కాళ్ళ నొప్పులు తగ్గాయి, కసుర్లు తగ్గాయి. బదిలీ దరఖాస్తులు రెండూ వాటంతటవే వెనక్కి వచ్చాయి. మరుసటి ఏడాది గొట్టాలు తూర్పు గోడకు మారినప్పుడు, పని చూసుకోవడానికి తీరవత్ గారు సొంత సెలవు పెట్టుకుని వచ్చారు. ఈనాటికీ ఆయన ఏ ఆసుపత్రి నక్షా గీసినా ముందుగా బుసబా గారికి పంపి, "అక్కా, తల ఎటు పెట్టమంటారు?" అని అడుగుతారు. ఆమె దిక్కు ఒక్కటే చెప్పి ఊరుకోరు. బంధువు చాప ఎక్కడ పరుచుకోవాలి, నర్సు ఎక్కడ కూర్చుని అన్నం తినాలి, అన్నీ చెబుతారు. మా విశ్రాంతి గదికి ఒక కిటికీ ఉన్నదంటే ఆ పుణ్యం ఆమెదే.

మందులిచ్చేవారు చాలామంది ఉంటారు. మంచం మీద ఉన్న మనిషి పైకప్పు వైపు చూస్తూ ఏమనుకుంటున్నాడో కనుక్కునేవారు అరుదు. అది మాకు నేర్పినందుకు, నేర్పేటప్పుడు తిట్టినందుకు కూడా, బుసబా గారికి మేమందరం జీవితాంతం ఋణపడి ఉంటాం.

అక్కా, ఆ పడమర గోడ దగ్గరి కుర్చీ రేపటి నుంచి మీది కాదు. నిన్న దాన్ని తుడిచి పెట్టినప్పుడు మాకు ఏడుపు ఆగలేదు. బుద్ధ, ధర్మ, సంఘ త్రిరత్నాల రక్షణలో మీరు నిండు ఆరోగ్యంతో, మనుమల అల్లరి మధ్య, ఆ కంఠం ఏమాత్రం తగ్గకుండా నూరేళ్ళు వర్ధిల్లాలని కోరుకుంటున్నాం. మా మంచం మీద పడుకునే అవసరం మీకు ఎన్నడూ రాకూడదు. ఒకవేళ వస్తే, మీ తల తూర్పుకే ఉంటుంది. పడమర మేం కూర్చుంటాం.