ఇంకొకరికి చోటు

కొండల్లో చిక్కుకున్నవాళ్లను తీసుకొచ్చే హెలికాప్టర్ పైలట్ ఆయన. హెలికాప్టర్ రెక్కల మీద పరిశోధన చేసే ఇంజనీరు ఆయన భార్య. ఇద్దరూ వంటింట్లో భోజనానికి కూర్చున్నారు.

“మళ్లీ సగం తిని లేచిపోతున్నావా?”

“ఆకలి లేదే.”

“నా దగ్గరా నీ అబద్ధాలు? బరువెక్కువై ఆ పిల్లాడి తల్లిని కొండ మీద వదిలొచ్చినప్పటి నుంచీ ఇదే వరస.”

“రెండోసారి వెళ్లి తెచ్చాననుకో. కానీ ఆమె వచ్చేదాకా వాడు ఏడ్చిన ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది. నేను కాస్త తగ్గితే...”

“నువ్వు పుల్లలా అయిపోయినా ఇంకో మనిషి ఎక్కలేడు. కూర్చో. ఇవాళ విండ్ టన్నెల్ గాలిలో పెట్టి పరీక్షిస్తే మా మొండి రెక్క మాట విన్నది.”

“ఏం చేశారేంటి?”

“రెక్క వెనకంచున చిన్న పలక పెట్టాం. రెక్క ముందుకెళ్లేటప్పుడు తగిలే గాలి వేరు, వెనక్కొచ్చేటప్పుడు వేరు కదా. దానికి తగ్గట్టు ప్రతి చుట్టులోనూ ఆ పలక పైకీ కిందికీ ఊగుతుంది. రెక్కలు తిప్పడానికి నాలుగు శాతం శక్తి తక్కువ పట్టింది.”

“నాలుగేనా? దీనికోసమా ఇన్నాళ్లూ ఇంటి ముఖం చూడలేదు?”

“వెక్కిరించు. మిగిలిన ఆ కాస్తతోనే ఇంకో మనిషిని లేపొచ్చు.”

“ఆ తల్లిని కూడా ఒకేసారి తెచ్చేవాణ్ణా?”

“తెచ్చేవాడివి.”

“నా హెలికాప్టర్‌కి ఎప్పుడు పెడతారు?”

“ఐదారేళ్లు పట్టొచ్చు.”

“అయితే అప్పటిదాకా నాకు పస్తులే.”

“అప్పటికి దాన్ని నడపడానికి నువ్వుండాలిగా. ఆ కంచం ఇటు జరుపు.”