పదకొండు గుండీల రాజు

జూలై పద్దెనిమిది, ఆదివారం, సాయంత్రం ఐదుంపావు. దర్జీ కొట్లో మిషన్లు రెండూ ముసుగేసుకుని పడుకున్నాయి. మెట్ల మీద టీ గ్లాసుతో మామయ్య, ఆయన పక్కన గడియారాలు బాగుచేసే ఆయన, గడప లోపల అమ్మ, అమ్మ మోకాలికి ఆనుకుని అమ్మాయి కూర్చున్నారు.

అమ్మాయి కాలేజీలో చేరి మూడు వారాలు. గుప్పిట్లో నాటక సంఘం కాగితం నాలుగు మడతలై, చెమటకు మెత్తబడింది. రేపే ఇచ్చెయ్యాలి. రిహార్సళ్లు నాలుగింటికి. నాలుగింటికేమో తను కొట్లో కాజాలు కుట్టాలి. ఆ సంగతి మామయ్యతో చెప్పబోవడం, మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోవడం, రోజూ ఇదే వరస.

"కాలేజీలో ఏవో సంఘాలున్నాయట మామయ్యా," అంది చివరికి, దేవుణ్ణి తలుచుకుని.

అంతే, తేనెతుట్టె కదిలింది.

"సంఘాలా! నన్నడుగు చెప్తా. కాలేజీలో చేరిన కొత్తలో నా పేరు చెప్పడానికే నాకు సిగ్గు. ఇలా కాదని పరుగు పందెంలో చేరా. మూడోవాడిగా వచ్చా."

"నమ్మాం," అన్నాడు గడియారాలాయన.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫుట్‌బాల్ వాళ్లొచ్చి కాళ్లావేళ్లా పడ్డారు. నీలం చొక్కా, వీపున ఏడో నంబరు, అంకె చుట్టూ రెండు వరసల కుట్టు. ఒక్క తన్ను తన్నానయ్యా! బంతి వల చించుకుని, గోడ దాటి, కాలేజీ గంటకు టంగున తగిలి పైకి పోయింది. గంట కొట్టారనుకుని పిల్లలంతా ఇళ్లకు పోయారు. పక్క కాలేజీ వాళ్లు కూడా!"

"మరి బంతి?" అడిగాడు గడియారాలాయన.

"ఇంకా దిగలేదు. అప్పుడప్పుడు పైకి చూస్తుంటా."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అవన్నీ ఒక ఎత్తు, నాటకం ఒక ఎత్తు," అన్నాడు మామయ్య. అమ్మాయి గుప్పిట బిగుసుకుంది. "రాజు వేషం. మెరూన్ వెల్వెట్టు అంగీ, ఛాతీ నలభై, ముందర పదకొండు ఇత్తడి గుండీలు. నేను కత్తి పట్టిన చెయ్యి పైకెత్తేసరికి శత్రుసైన్యం వేషగాళ్లు నిజంగానే పారిపోయి పోలీస్ స్టేషన్లో లొంగిపోయారు! ముందు వరసలో పెద్దమనుషులు లేచి దణ్ణం పెట్టి, నేను కూర్చోమనేదాకా కూర్చోలేదు. తెర లాగేవాడు తాడు వదిలేసి ఒకటే ఏడుపు. తెర పడనంటే పడనంది. ఇంకేం చేస్తాం, మూడు రోజులు ఆపకుండా ఆడాం!"

గడియారాలాయన ఎగాదిగా చూశాడు. "ఛాతీ నలభయ్యా? నీది ముప్పై రెండు దాటదు కదయ్యా! మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవని ఊరికే అన్నారా?"

"అప్పట్లో లావుగా ఉండేవాణ్ణి."

అమ్మాయి నవ్వలేదు. ఇన్ని చేసిన మనిషికి తన ఆశ అర్థం కాకపోతుందా అనుకుంది.

"మామయ్యా, రాజు రాగానే ఏమంటాడు? ఆ మొదటి మాట చెప్పవా, నేర్చుకుంటా."

మామయ్య గ్లాసు ఎత్తి తాగబోయాడు. టీ ఎప్పుడో అయిపోయింది.

"వీడికి తెలీదులేవే," అంది అమ్మ మెల్లగా. "వీడు పరుగెత్తిన మాట ఒక్కటే నిజం. ఆఖరి క్లాసు అవగానే కొట్టుకి పరుగు. మా నాన్నకు చేతులు వణికేవి మరి, నాలుగింటికల్లా మిషను ముందు వీడుండాలి. ఆ చొక్కాలూ ఆ అంగీ వీడే కుట్టాడు. నాటకం రోజున ఊడిన గుండీ ఒకటి తెర వెనకే కుట్టిచ్చి వచ్చేశాడు. తెర లేచేసరికి వీధి మలుపులో ఉన్నాడు. ఎలా ఉందిరా నాటకం అన్నాను. చాలా బాగుందక్కా అన్నాడు. అదే వీడు కోసిన మొదటి కోత."

మామయ్య చెయ్యి చాపి అమ్మాయి గుప్పిట్లోంచి కాగితం తీసుకున్నాడు, విప్పి చదివాడు. 'సాయంత్రం నాలుగు నుంచి ఆరు' అన్న చోట వేలు ఆగింది. లేచి లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున అమ్మ కళ్లజోడు పెట్టుకుని, పదేళ్ల తర్వాత కాజాల సూదిలో దారం ఎక్కించింది. మామయ్య ఆ కాగితాన్ని మడతలు పోయేలా ఇస్త్రీ చేసి అమ్మాయి చేతికిచ్చి, మెడలోంచి టేపు తీశాడు.

"ఏ వేషమో ఇంకా చెప్పలేదు మామయ్యా!"

"ఏదైనా కానీ. చంకలో మాత్రం ఒక అంగుళం వదులు ఉంచుతా," అన్నాడు కొలుస్తూ. "అప్పుడు ఉంచడం తెలీలేదు. పాపం, ఆ రాజు చెయ్యెత్తలేకపోయాడట."